చక్కెర ఎవరి చేతుల మీదుగా వెళ్లింది

ఇంగ్లీషులో షుగర్, ఫ్రెంచిలో స్యుక్ర్, జర్మన్‌లో ౘుకర్, ఇటాలియన్‌లో ౘుక్కెరో, స్పానిష్‌లో అథూకార్, రష్యన్‌లో సాహర్, సెర్బియన్‌లో షెచెర్. ఇవన్నీ ఒకే మాట. తిరగేసుకుంటూ వెనక్కి వెళితే అన్నీ సంస్కృత శర్కర దగ్గరే ఆగుతాయి. ఇంతవరకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి వాక్యంతో వస్తుంది: “మన శర్కరే ఇంగ్లీషువాళ్ల నోట్లో షుగర్ అయింది, విన్నారా, ఆ ‘ష’ ఇంకా అలాగే ఉంది!”

ఆ ‘ష’కూ శర్కరలోని ‘శ’కూ ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను మన దగ్గర తీసుకోనూ లేదు. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో దిగేనాటికే వాళ్ల భాషలో ఆ మాటకు మూడు వందల ఏళ్ల వయసు. ఇవి చిన్న సవరణలే అనిపించవచ్చు. నాకు మాత్రం అలా అనిపించదు. పదం ఎక్కడ పుట్టిందో చెప్పి చప్పట్లు కొట్టి ఆగిపోతే, దాన్ని మోసుకెళ్లిన పాళీ వర్తకుడు, పారశీక వైద్యుడు, అరబ్బు రైతు, వెనిస్ వ్యాపారి, ఇస్తాంబుల్ మిఠాయివాడు అందరూ కనబడకుండా పోతారు. నిజానికి ఆ పదంలోని ఒక్కో అక్షరం మీద వాళ్ల వేలిముద్రలు ఉన్నాయి. చూడటం తెలిస్తే చదవచ్చు.

ముందు శర్కర అంటే ఏమిటో తేల్చుకోవాలి. అది మొదట తీపి మాట కాదు. వేదకాలంలో శర్కర అంటే గులకరాయి, రాతి నలుసు. అమరకోశంలో గులకరాళ్లు నిండిన నేలకు శార్కరం అని పేరు. సుశ్రుతుడి సంహితలో మూత్రంలో పడే రాతి ఇసుకనూ శర్కర అనే అన్నారు. చెరకు రసం నుంచి పంటి కింద కరకరలాడే పలుకులు తీయడం వచ్చాక, వాటిని చూసి ‘ఇసుకలా ఉంది’ అనుకున్నవాళ్లు పెట్టిన పేరు ఇది. అంటే పేరు రుచిని బట్టి రాలేదు, మొక్కను బట్టీ రాలేదు. పలుకు కట్టడాన్ని బట్టి వచ్చింది. ఈ ఒక్క విషయం గుర్తుంటే తక్కినదంతా దానంతటదే తెరుచుకుంటుంది.

అర్థశాస్త్రంలో కోష్ఠాగారాధ్యక్షుడి (సరుకుల గిడ్డంగి అధికారి) అధ్యాయంలో చెరకు సరుకుల జాబితా ఒకటి ఉంది: ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర. కారుతున్న దాని నుంచి గట్టి దాని వరకు వరసగా పేర్చినట్టు ఉంటుంది. ఫాణితం చిక్కటి పాకం. గుడం బెల్లం. మత్స్యండిక చేపగుడ్ల లాంటి సన్నని పలుకులు, ఇంకా తడి వదలనివి. ఖండం ముక్క. శర్కర పొడిగా విడివడిన నలుసు. ఈ వరస రాసినవారికి వంటశాల లోపలి సంగతులు బాగా తెలుసు.

ఎందుకంటే పలుకు కట్టించడం తేలిక పని కాదు. చెరకు రసంలో నూటికి పన్నెండు, పదిహేను పాళ్లు చక్కెర, తక్కినదాంట్లో ఎక్కువ భాగం నీరు. గానుగ నుంచి పెనంలోకి పోసి కాచాలి, పైకి తేలే మురికిని తీసేస్తూ ఉండాలి. నీళ్లు ఇంకిపోయే కొద్దీ పాకం వేడెక్కుతుంది. మరిగే వేడిలో 100 గ్రాముల నీళ్లు సుమారు 480 గ్రాముల చక్కెరను తమలో దాచుకోగలవు. 20 డిగ్రీలకు చల్లారితే దాచుకోగలిగేది సుమారు 200 గ్రాములే. ఆ మిగిలింది పలుకులుగా బయటపడాలి. పడాలి, కానీ రసం పులుపెక్కి ఉంటే పడదు. పులుపూ వేడీ కలిస్తే చక్కెర అణువు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండుగా చీలిపోతుంది. ఆ చీలిన ముక్కలు పలుకుల మధ్య దూరి వాటిని పెరగనివ్వవు. అందుకే రసంలో సున్నం కలిపి పులుపు విరుస్తారు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లను అడిగితే ఈ ముక్క ఎవరైనా చెబుతారు. ఇంట్లో గులాబ్‌జాముల పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం వేసేదీ ఇదే సూత్రం మీద, కాకపోతే తలకిందులుగా: అక్కడ పాకం పలుకు కట్టకూడదు కాబట్టి కావాలనే పులుపు వేస్తాం.

కోసిన చెరకు కూడా ఊరికే ఉండదు. నరికిన గడలోనే ఈ చీలిక మొదలవుతుంది. అందుకే ఇరవై నాలుగు గంటల్లోపు గానుగకు చేర్చమంటారు. రసం అయితే కొన్ని గంటల్లోనే పులుస్తుంది. బెల్లంలో చీలిన చక్కెర పాలు ఎక్కువ, అది గాలిలో తడిని పీల్చుకుని చెమరుస్తుంది. ఓడ అడుగున మూడు నెలల ప్రయాణానికి వీటిలో ఏదీ పనికిరాదు. పొడి పలుకు ఒక్కటే తట్టుకుంటుంది.

కాబట్టి యూరప్‌కు వెళ్లింది పలుకు పేరే.

ఇది నా వాదనలో బలమైన కొస అనుకుంటాను. సంస్కృతంలో చెరకుకు ఇక్షువు అనే పేరుంది. తెలుగులో చెరకు, తమిళంలో కరుంబు, కన్నడంలో కబ్బు ఉన్నాయి. వీటిలో ఒక్కటీ యూరప్‌లో అడుగు పెట్టలేదు. అక్కడ మొక్కకు పేరు కావలసి వచ్చినప్పుడు సరుకు పేరునే వెనక్కి తగిలించారు: ఇంగ్లీషులో షుగర్ కేన్, జర్మన్‌లో ౘుకర్‌రోర్, స్పానిష్‌లో కాన్యా దె అథూకార్. అన్నిటికీ అర్థం ‘చక్కెర రెల్లు’. 1753లో లిన్నేయస్ చెరకుకు పెట్టిన శాస్త్రీయ నామం సాక్కరమ్ అఫిసినారమ్‌లోనూ మొదటి మాట సరుకుదే, రెండో మాట మందుల కొట్టుది. న్యూగినీ వైపు పుట్టి మన నేలకు వచ్చిన మొక్క, చివరికి గులకరాయి పేరుతో లోకమంతా నమోదైంది.

అంతకు ముందే గ్రీకులు మొక్కను చూశారు. క్రీస్తుపూర్వం 325 ప్రాంతంలో అలెగ్జాండర్ నౌకాదళ నాయకుడు నియార్కస్, తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు గురించి చెప్పినట్టు స్ట్రాబో రాశాడు. వస్తువు ఉంది, వర్ణన ఉంది, పేరు మాత్రం లేదు. పేరు రావడానికి మరో మూడు నాలుగు వందల ఏళ్లు పట్టింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు ఎర్రసముద్ర వర్తక దర్శిని పెరిప్లస్‌లో, భరుకచ్ఛం (నేటి గుజరాత్‌లోని భరూచ్) వైపు నుంచి ఆఫ్రికా తీరానికి వెళ్లే సరుకుల్లో ‘సాఖారి అనబడే రెల్లు తేనె’ కనబడుతుంది. అదే శతాబ్దపు వైద్యుడు డయాస్కరిడీస్ సాఖారోన్‌ను గడ్డకట్టిన తేనె అన్నాడు, ఉప్పులా పంటి కింద పగులుతుందన్నాడు. ప్లినీ కూడా ఇంచుమించు అదే చెప్పి, మందుకు తప్ప దేనికీ వాడరన్నాడు. గమనించండి: చెరకును చూసినవాడికి పేరు రాలేదు. పలుకును కొరికినవాడికి వచ్చింది.

సాఖార్ అనే ఆ రూపమే మొదటి వేలిముద్ర. గ్రీకులో ఆ మాట నడుమ ఉన్నది కకార ఖకారాల జంట, క్ఖ. సంస్కృతంలో ఉన్నది ర్క. గ్రీకు నోటికి ర్క పలకడం కష్టమా అంటే కాదు. ఎలుగుబంటికి వాళ్ల మాట అర్క్తోస్, అందులో అది నిక్షేపంలా ఉంది. శర్కర అని విని ఉంటే సర్కర అనే రాసుకునేవారు. మరి ఏం విన్నారు? పాళీలో ధర్మం ధమ్మం అయినట్టు, కర్మ కమ్మ అయినట్టు, శర్కర సక్ఖర అయింది. గ్రీకులు విన్నది అదీ. రేవుల్లో బేరమాడేవాడి నోటి మాట, పండితుడి మాట కాదు. యూరప్ మొత్తం మీద ఈ పదానికి ఎన్ని రూపాలున్నా, ఒక్కదానిలోనూ ర్క లేదు. ‘సంస్కృతం నుంచి యూరప్‌కు’ అనే వాక్యంలో ప్రాకృతాన్ని చేర్చకపోతే ఆ ర్ ఏమైందో చెప్పలేం. మన చక్కెరలోనూ అదే క్క ఉంది కదా. ఆ లెక్కన చక్కెరా సాఖారీ ఒకే ప్రాకృతపు ఇంటి పిల్లలు. తత్సమం శర్కర వాళ్లకు పెద్దమ్మ వరస.

రెండో దారి పారశీకం మీదుగా. అక్కడ షకర్ అయింది, శకారం మిగిలింది. నేటి ఇరాన్ నైరుతిలోని ఖుజిస్తాన్‌లో చెరకు తోటలు, అక్కడి గుందేషాపూర్ నగరంలో వైద్య విద్య రెండూ పెరిగాయి. చక్కెర అప్పటికి మందు సరుకే కాబట్టి ఆ రెండూ ఒకే ప్రాంతంలో ఉండటం అబ్బురం కాదు. ఏడో శతాబ్దంలో అరబ్బులు ఆ ప్రాంతాన్ని గెలిచినప్పుడు మొక్కనూ, వంటకాన్నీ, మాటనూ కలిపి తీసుకున్నారు. షకర్ వాళ్ల నోట్లో సుక్కర్ అయింది. ఇందులో మూడు మార్పులున్నాయి. ష స అయింది, నీషాపూర్ అరబిక్‌లో నైసాబూర్ అయినట్టు. ఒంటి క జంట క్క అయింది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి అచ్చు ‘అ’ కాస్తా ‘ఉ’ అయింది.

ఆ ఉకారమే అరబ్బుల ముద్ర. ఏ యూరప్ భాషలోనైనా ఈ మాటలో ఉ గానీ, దాని నుంచి జారిన ఓ గానీ కనబడితే అది అరబిక్ గడప తొక్కి వచ్చిందే: షుగర్, స్యుక్ర్, ౘుకర్, ౘుక్కెరో, అథూకార్, స్వీడిష్ సోకర్, ఫిన్నిష్ సోకెరి. అ ఉండి తర్వాత ఖ లేదా హ ఉంటే గ్రీకు దారి: రష్యన్ సాహర్, బల్గేరియన్ జాహర్, రొమేనియన్ జాహర్. ష, ఎ రెండూ ఉంటే తుర్కీ దారి. ఈ మూడు గుర్తులు చాలు, కొత్త భాషలో మాట వినగానే దాని దారి చెప్పడానికి.

అరబ్బు దారిలోనే మళ్లీ ఒక చీలిక ఉంది. స్పానిష్, పోర్చుగీస్ మాటల ముందు అకారం ఉంది, ఇటాలియన్ మాట ముందు లేదు. ఆ అకారం అరబిక్ ఉపపదం ‘అల్’, ఇంగ్లీషు ‘ద’ లాంటిది. దంత్యాక్షరాల ముందు దాని లకారం ఎదుటి హల్లుగా మారిపోతుంది: అల్ సుక్కర్ కాదు, అస్సుక్కర్. సత్, జన కలిసి సజ్జన అయ్యే మన సంధి తెలిసినవారికి ఇది విడ్డూరం కాదు. స్పెయిన్‌లో అరబిక్ మాట్లాడేవాళ్లు ఇరుగుపొరుగు, ఎనిమిది శతాబ్దాల సహవాసం. అక్కడివాళ్లు మాటను రోజూ వినే తీరులో, ఉపపదంతో సహా పట్టుకున్నారు. ఇటలీ వర్తకులకు అది బిళ్ల మీద రాసే సరుకు పేరు. పత్తికీ ఇదే తేడా: స్పానిష్‌లో అల్గొదోన్, ఇటాలియన్‌లో కొతోనె. కుంకుమపువ్వు స్పానిష్‌లో అథఫ్రాన్, ఇటాలియన్‌లో ౙఫెరానో. ఫ్రెంచి స్యుక్ర్‌కు, జర్మన్ ౘుకర్‌కు ముందు అకారం లేదు కాబట్టి అవి స్పెయిన్ నుంచి రాలేదని, ఇటలీ సరుకు వెంట ఆల్ప్స్ దాటాయని తెలుస్తుంది.

ఇటాలియన్ ముద్ర ఇంకొకటి, మొదటి హల్లు. అరబిక్ సకారం అక్కడ దంత్య చకారం అయింది. యూరప్ పుస్తకాలు దీన్ని రెండు అక్షరాలు కలిపి వివరిస్తాయి గానీ తెలుగువాళ్లకు ఆ అవసరం లేదు. ౘుక్కలో ఉన్న ౘు అదే. జర్మన్ ౘుకర్, పోలిష్ ౘుకియెర్, హంగేరియన్ ౘుకోర్ మూడూ ఆ ౘుతోనే మొదలవుతాయి.

మొదటి క్రూసేడు (జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన దండయాత్ర) గురించి లాటిన్‌లో రాసిన ఆల్బర్ట్ ఆఫ్ ఆహెన్, నేటి లెబనాన్‌లోని ట్రిపోలీ మైదానాల్లో సైనికులు తియ్యటి గడలు నమిలి ఆకలి తీర్చుకున్నారనీ, వాటిని జుక్రా అంటారనీ రాశాడు. ఇక్కడా గడకు సరుకు పేరే!

ఇక ఇంగ్లీషు ‘ష’ సంగతి. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అది స్పష్టంగా సకారమే. దాని వెనక ఉన్న ఫ్రెంచి అచ్చు పెదాలు గుండ్రంగా చుట్టి ఇకారం పలికినట్టుంటుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘యు’గా పలికారు: స్యుగర్. స్, య్ పక్కపక్కన పడితే నాలుక వెనక్కి జారి ష అవుతుంది. త్వరత్వరగా నాలుగుసార్లు అని చూడండి. ఫ్రెంచి నుంచే వచ్చిన ‘ష్యూర్’ అనే మాటకూ అదే జరిగింది, దాన్నీ రాసేది సకారంతోనే. మన శకారం పాళీలో ఒకసారి, అరబిక్‌లో మరోసారి పోయింది. లండన్‌లో పుట్టిన ష కొత్తది. పోలిక చూసి బంధుత్వం కలిపేస్తే ఇలాంటి చోటే కాలు జారుతుంది.

ఇలాంటి జారుడు మెట్లు ఈ దారిలో ఇంకా ఉన్నాయి. షర్బత్‌ను శర్కరతో ముడిపెడతారు. అది తాగడమనే అర్థమున్న అరబిక్ ధాతువు ష-ర-బ నుంచి వచ్చింది, సిరప్ కూడా దాని సంతానమే. ఖండం పారశీకంలో కంద్ అయి, అరబిక్‌లో కందీ అయి, ఫ్రెంచి స్యుక్ర్ కాందీ మీదుగా ఇంగ్లీషు క్యాండీ అయింది, అది నిజం. కానీ సమర్‌కంద్‌లోని కంద్ వేరు. అది మధ్య ఆసియా పాత భాష సోగ్దియన్‌లో ఊరు అనే మాట. కొవ్వొత్తికి ఇంగ్లీషు మాట క్యాండిల్ ‘ప్రకాశించు’ అనే లాటిన్ ధాతువుది. పాన్‌లో పడే గుల్కంద్ మాత్రం నిక్షేపంగా మన ఖండమే: గుల్ అంటే గులాబీ, కంద్ అంటే చక్కెర.

ఫాణితం కూడా వెళ్లింది, ఈ సంగతి తక్కువమందికి తెలుసు. పారశీకంలో పానీద్, అరబిక్‌లో ఫానీద్, మధ్యయుగపు లాటిన్ మందుల చిట్టాల్లో పెనిదియం. కానీ అక్కడికి చేరేసరికి అది జారే పాకం కాదు, లాగి మెలిపెట్టిన గట్టి చక్కెర కడ్డీ, దగ్గుకు చప్పరించేది. పేరు ప్రయాణం చేయాలంటే వస్తువు గట్టిపడక తప్పలేదు. గుడం, మత్స్యండిక గట్టిపడలేదు. వాటి పేర్లు యూరప్ చేరలేదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఒకటుంది. శర్కర–షుగర్ జంటను సంస్కృతానికీ యూరప్ భాషలకూ ఉన్న పుట్టు బంధుత్వానికి సాక్ష్యంగా చూపించడం. ఆ బంధుత్వం ఉన్నది నిజమే, దానికి ఇది సాక్ష్యం కాదు. ఇది అప్పు. పుట్టు బంధుత్వం చూడాలంటే స్వాదు పక్కన ఇంగ్లీషు స్వీట్ పెట్టండి, మధు పక్కన ఇంగ్లీషు మీడ్, లిథువేనియన్ మెదుస్ పెట్టండి. అక్కడ ధ్వనులు క్రమం తప్పకుండా మారతాయి: సంస్కృత దకారానికి ఇంగ్లీషులో టకారం, స్వాదు–స్వీట్, ద్వి–టూ, దశ–టెన్. అదే లెక్కలో సంస్కృత శకారానికి ఇంగ్లీషులో హకారం, లాటిన్‌లో కకారం రావాలి: శతం, హండ్రెడ్, కెంతుమ్, శ్వానం, హౌండ్, కానిస్. శర్కర పుట్టుకతో వాళ్లకూ ఉన్న మాటే అయితే ఇంగ్లీషులో హకారంతో మొదలయ్యేది. షుగర్ అలా లేదు, అందుకే అప్పు అంటున్నాం. గ్రీకులో క్రోకె అంటే గులకరాయి, ఇది శర్కరకు అసలు తోబుట్టువని కొన్ని నిఘంటువులు సూచిస్తాయి, మరికొందరు భాషావేత్తలు ఒప్పుకోరు. ఒప్పుకుంటే మాత్రం, క్రొకొడైల్‌లోని మొదటి సగం ఆ గులకరాయే అని చెబుతారు కనుక, ఇంగ్లీషులో శర్కరకు రక్తసంబంధి షుగర్ కాదు, మొసలి!

తుర్కీ దారికి వద్దాం. ఒట్టోమన్ల షెకెర్ పారశీక షకర్ నుంచి నేరుగా వచ్చింది, అరబిక్ ఉకారం దానికి అంటలేదు. ఎకారం పక్కన తుర్కీ కకారం తాలువు వైపు జరుగుతుంది. వినేవాళ్లకు అది క, చ మధ్య ధ్వని. సెర్బియన్లు దాన్ని చకారంగా పట్టుకుని షెచెర్ అన్నారు. అల్బేనియన్లు అదే ధ్వనికి తమ లిపిలో వేరే అక్షరం పెట్టుకున్నారు. మాసిడోనియాలో ఇదే తుర్కీ రూపం, పక్కనే ఉన్న బల్గేరియాలో గ్రీకు జాహర్. రెండు భాషలూ అక్కాచెల్లెళ్ల లాంటివి, చక్కెర మటుకు వేర్వేరు కొట్ల నుంచి తెచ్చుకున్నాయి.

క్రొయేషియాను చూస్తే నాకు ప్రతిసారీ ముచ్చటేస్తుంది. ప్రామాణిక భాషలో షెచెర్, తుర్కీది. ఉత్తరాన హంగేరీ, ఆస్ట్రియాల వైపు మాండలికంలో ౘుకోర్. వెనిస్ ఏలిన డల్మేషియా తీరంలో ౘుకర్. ఒక చిన్న దేశం, ఒక డబ్బా చక్కెర, మూడు సామ్రాజ్యాల రేవులు. ఇలాంటిదే రష్యా, ఉక్రెయిన్‌ల మధ్యా ఉంది. రష్యన్‌లో సాహర్, గ్రీకు దారి. ఉక్రేనియన్‌లో ౘుకోర్, బెలారూసియన్‌లో ౘుకర్, రెండూ పోలండ్ మీదుగా పడమటి దారి. ఇవి ఒకే తూర్పు స్లావ్ శాఖ భాషలు. పుట్టుక ఒకటైనా శతాబ్దాల పాటు ఎవరి సంతలో సరుకు కొన్నారో ఆ సంత మాటే నాలుక మీద నిలిచింది. వ్యుత్పత్తి అంటే మూలం ఒక్కటే చూసేవాళ్లకు ఈ నాలుగు భాషల్లోనూ ఒకే జవాబు వస్తుంది, ‘శర్కర’ అని. ఆ జవాబు ఈ తేడాల్లో ఒక్కదాన్నీ చెప్పదు.

నాలుగో దారి దక్షిణం నుంచి. 1498లో పోర్చుగీసువాళ్లు కాలికట్ చేరేనాటికి వాళ్ల భాషలో అసూకర్ ఉంది, అరబ్బుల నుంచి వచ్చింది. మలబారులో నల్లటి గడ్డలు కనబడ్డాయి. అక్కడివాళ్లు వాటిని చక్కర అన్నారు, మలయాళంలో ఆ మాటకు బెల్లమనే అర్థం. అది తమ దగ్గరున్న మాటే అని పోర్చుగీసువాళ్లకు ఎలా తెలుస్తుంది? కొత్త సరుకు, కొత్త మాట: జాగర. చకారం జకారం అయింది, క్క గకారం అయింది. అదే ఇంగ్లీషులో జాగరీ. ఇంగ్లీషులో షుగరూ జాగరీ వేర్వేరు వస్తువులు, వేర్వేరు డబ్బాలు. మాటలు మాత్రం ఒక్కటే, రెండు వేర్వేరు సముద్రాల మీదుగా వచ్చాయి. మన బెల్లం ఈ గొడవలోకి రాదు, అది తమిళ వెల్లం, కన్నడ బెల్ల పక్కన నిలబడే ద్రావిడ పదం.

రసాయన శాస్త్రంలోనూ అరబ్బు, గ్రీకు దారుల ముడి పడింది. 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులున్న అణువుకు ఫ్రెంచి స్యుక్ర్ నుంచి సుక్రోజ్ అన్నారు. అదే అణువుకు గ్రీకు దారిలో సాకరోజ్ అనే పేరూ ఉంది. జర్మన్ పుస్తకాల్లో ఎక్కువగా అదే వాడతారు. 1879లో కనిపెట్టిన కృత్రిమ తీపి సాకరిన్‌లో చక్కెర లేకపోయినా గ్రీకు పేరు ఉంది. రొట్టె పొంగించే ఈస్టు సాకరోమైసిస్‌లోనూ అదే.

1747లో బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్త మార్గ్రాఫ్ ఒక రకం బీటు దుంపలో చెరకు చక్కెర లాంటి పలుకులే ఉన్నాయని చూపించాడు. అతని శిష్యుడు అఖార్డ్ 1801లో సైలీషియాలోని కునెర్న్‌లో దుంప చక్కెర కర్మాగారం మొదలుపెట్టాడు. అప్పుడు ఏ భాషా కొత్త పేరు వెతకలేదు. మొక్క మారింది, ఖండం మారింది, పలుకు అదే, పేరూ అదే. జర్మన్‌లో ఆ దుంపను చక్కెర దుంప అన్నారు, రష్యన్‌లో కూడా. 1843లో మొరావియాలోని దాచిట్సెలో చక్కెర బిళ్లలకు పేటెంటు తీసుకున్నారు, చెక్ మాట ౘుకర్ వాటితోనూ సాగింది. శర్కర చెరకు పేరే అయి ఉంటే దుంప దగ్గర ఆగిపోవాలి కదా. అది పలుకు పేరు కాబట్టే ఆగలేదు.

తెలుగులోకి ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క వేస్తే: శర్కర పాఠ్యపుస్తకంలో, చక్కెర వంటింట్లో, సుక్రోజ్ ల్యాబులో, సాకరిన్ మందుల షాపులో, జాగరీ సూపర్‌మార్కెట్ ప్యాకెట్ మీద. ఇక ‘నాన్నకు షుగర్’ అంటే తీపి కాదు, మధుమేహం. ఆ షుగర్ ఇప్పుడు అచ్చ తెలుగు జబ్బు పేరు, ఇంగ్లీషులో ఆ అర్థానికి అంత గట్టి వాడుక లేదు. ఖండం వైపు చూస్తే ఖండసారి, కలకండ, క్యాండీ, గుల్కంద్. ఇన్నిటినీ ‘అన్నీ మన మాటలే’ అని ఒక మూటలో కట్టేస్తే, ఏది గుమ్మంలో నుంచి వచ్చిందో ఏది పెరట్లో నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది.

యూరప్‌లో ఈ మాటకు లొంగని భాష నాకు తెలిసి ఒకటుంది. స్లొవేనియన్. ఒక పక్క ఇటలీ, ఒక పక్క ఆస్ట్రియా, ఒక పక్క హంగేరీ, ఇంకో పక్క క్రొయేషియా, అన్ని గుమ్మాల నుంచీ చక్కెర వచ్చిపడే చోటు. అయినా వాళ్ల ప్రామాణిక భాషలో చక్కెరకు మాట స్లాద్కోర్. తీపి అనే తమ సొంత మాట నుంచి కల్పించుకున్నది. గులకరాయి పేరు కాకుండా రుచి పేరు పెట్టుకున్నవాళ్లు వాళ్లే. అయితే స్లావ్ భాషల్లో తీపికి ఉన్న ఆ పాత మాటను తవ్వితే, లిథువేనియన్ సల్దుస్‌తో కలిసి, దాని అడుగున తేలేది ఉప్పు అనే ధాతువు. ఉప్పు పడితే రుచి, రుచి అంటే తీపి అనే వరసలో అర్థం జరిగిందని భాషావేత్తలు చెబుతారు. డయాస్కరిడీస్ పంటి కింద పెట్టుకున్న మొదటి పలుకుకు పోలిక వెతికితే అతనికి దొరికిందీ ఉప్పే.